సెకండ్ హ్యాండ్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ ఎలా కొనాలి?

పాత డీజిల్ బండి చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది ముందు పెయింటు చూస్తారు, తర్వాత సీట్లు, తర్వాత మీటరు. అవి పాడైతే బాగుచేసుకోవడం పెద్ద పని కాదు. జేబు ఖాళీ చేసేవి వేరు: సిలిండర్లలోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లు, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో, క్లచ్‌తో పాటు ఫ్లైవీల్, బీఎస్‌6 (2020లో వచ్చిన కాలుష్య ప్రమాణం) బండైతే పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్. ఈ నాలుగూ బాగుంటే గీతలు పడ్డ బండైనా కొనొచ్చు. వీటిలో రెండు అనుమానంగా ఉంటే అద్దంలా మెరిసే బండైనా వదిలేయాలి. అందుకే కింది వరుసలో ఖర్చు లేని పరీక్షలు ముందు, షెడ్డు పరీక్షలు తర్వాత పెట్టాం.

1. డీజిలే కావాలా అని ముందు లెక్క వేసుకోండి

లీటరు డీజిల్ 96 రూపాయలు, పెట్రోల్ 108 అనుకుందాం. డీజిల్ బండి లీటరుకు 17, అదే సైజు పెట్రోల్ బండి 13 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు 32,000 రూపాయలు మిగులుతాయి. 6,000 తిరిగేవారికి 16,000. రెండోవారి మిగులు ఒక్క ఇంజెక్టర్ పోతే ఆ ఏడాదికి హరించుకుపోతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరగనివారికి, పైగా రోజూ ఐదారు కిలోమీటర్ల సిటీ ప్రయాణాలే ఉన్నవారికి బీఎస్‌6 డీజిల్ వద్దనే చెబుతాం. కారణం డీపీఎఫ్. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి, కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. ట్రాఫిక్‌లో ఆ అవకాశం దొరకదు.

2. మోడల్ ఎంచుకునేటప్పుడు ఇంజిన్ చరిత్ర తెలుసుకోండి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్‌6 వచ్చింది. అంతకుముందువి బీఎస్‌4. బీఎస్‌4 డీజిల్ సాదాగా ఉంటుంది, మరమ్మతు తేలిక, కానీ వయసు ఎక్కువ. బీఎస్‌6లో డీపీఎఫ్ ఉంటుంది. 2023 తర్వాతి కొన్నింటిలో పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ అనే ద్రవానికి ట్యాంకు కూడా ఉంటుంది, దాన్ని విడిగా నింపుకోవాలి.

2016లో వచ్చిన మారుతి విటారా బ్రెజాలో 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్ ఉంది. ఊరూరా మెకానిక్‌లకు చేయి తిరిగిన ఇంజిన్ అది, దాని వాల్వులను నడిపేది టైమింగ్ చైన్. 2020 తర్వాత మారుతి డీజిల్ అమ్మడం ఆపేసినా, అదే కుటుంబం ఇంజిన్ చాలా కార్లలో వాడారు కాబట్టి సామాను దొరకడం ఇబ్బంది కాదు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ నడపడానికి చాలా బాగుంటుంది. అయితే ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కనుక, మీ ఊళ్లో దాని పని తెలిసిన షెడ్డు ఉందో లేదో ముందు వాకబు చేయండి. ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్‌కీ, రెనో డస్టర్ 1.5 డీజిల్‌కీ చైన్ బదులు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి హెడ్డు దించాల్సి వస్తుంది. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ300, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ డీజిళ్లు కూడా మార్కెట్లో బాగానే దొరుకుతాయి.

3. బండి చూడకముందే కాగితాలు చూడండి

నంబరు అడిగి పరివాహన్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చూస్తే ఎన్నో ఓనరు, తయారైన నెల, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నవి తెలుస్తాయి. చలాన్లు కూడా వెతకండి. అతివేగం చలాన్లు డజను ఉన్న బండి ఎలా నడిచిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే ఓనరు దగ్గర ఆరేళ్లున్న బండికి బోనస్ సున్నా ఉంటే ఈమధ్యే ఏదో క్లెయిమ్ జరిగిందనుకోవాలి. దేనికి క్లెయిమ్ చేశారో కాగితం అడగండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. మీ పేరుకు మారాక అది మీకు రాదు, ఆ మేరకు ప్రీమియం కట్టాలి.

ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండ్లు చవకగా కనబడతాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిళ్లపై పెట్టిన ఆంక్షల వల్ల చాలా బండ్లు ఎన్‌ఓసీతో (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) దక్షిణాదికి వచ్చాయి. ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్, కొత్త నంబరు, తిరుగుడు ఖర్చు అన్నీ కలిపాక ఆ చవక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.

4. చల్లటి ఇంజిన్‌ని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి

అన్నింటిలోకీ ముఖ్యమైన పరీక్ష ఇదే. రాత్రంతా కదలకుండా ఉన్న బండిని తెల్లారి ఏడులోపు చూస్తామని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద, రేడియేటర్ పైపు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపే తిప్పి ఉంచారు. మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

తాళం ఆన్ చేస్తే స్ప్రింగు ఆకారంలో ఉన్న గ్లో ప్లగ్ దీపం వెలుగుతుంది. మన ఎండలకు అది క్షణంలో ఆరిపోతుంది. ఆరాక సెల్ఫ్ కొడితే ఒకటి రెండు సెకన్లలో ఇంజిన్ అందుకోవాలి. ఐదారు సెకన్లు తిరిగి అందుకుంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులో (కామన్ రైల్) ప్రెషర్ నిలవడం లేదు: అరిగిన ఇంజెక్టర్లు కావచ్చు, పంపు కావచ్చు, పైపులో గాలి పడుతుండొచ్చు. బ్యాటరీ వంక చెబితే సెల్ఫ్ తిరిగే వేగం గమనించండి. చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే లోపం బ్యాటరీలో లేదు.

ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి. డీజిల్ వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే ఇంధనం సరిగా మండటం లేదు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగుల నుంచో టర్బో నుంచో. ఎక్సలేటర్ తొక్కినప్పుడు నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు: పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టడం, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చిరగడం, మురికి ఫిల్టర్. బీఎస్‌6 బండికి ఇంకో చిన్న పరీక్ష ఉంది. సైలెన్సర్ చివర లోపలి అంచుని వేలితో తుడవండి. డీపీఎఫ్ బాగుంటే వేలికి మసి అంటదు. నల్లగా అంటితే లోపలి ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా ఎవరో దాన్ని పీకేసి బండి కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి ఉండాలి. అలాంటి బండి వద్దు.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా విప్పండి. సన్నటి ఆవిరి మామూలే. పొగ దమ్ము కొట్టినట్టు ఎగదన్నుతూ, మూత అదిరి ఎగురుతుంటే ఇంజిన్ లోపల అరిగి బోరుకొచ్చినట్టే. తర్వాత ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొన్నాళ్లకే నల్లబడుతుంది, రంగు చూసి కంగారుపడొద్దు. మట్టం చూడండి. పై గీత దాటి ఉండి డీజిల్ వాసనొస్తే, డీపీఎఫ్ పదేపదే కాలే ప్రయత్నంలో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. దాంతో ఆయిల్ పలచబడి టర్బో, బేరింగులు తొందరగా అరిగిపోతాయి. కూలెంట్ డబ్బాలో ఆయిల్ తెట్టు కనబడినా, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు బుడగలు వస్తున్నా హెడ్ గాస్కెట్ అనుమానించాలి. తుప్పురంగు నీళ్లుంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోశారు.

5. మీటరు చెప్పింది నమ్మే ముందు

ఏడేళ్ల డీజిల్ బండి 40,000 మాత్రమే తిరిగిందంటే సంతోషించకండి. అంత తక్కువ తిరిగేవారు డీజిల్ ఎందుకు కొన్నారన్నది అసలు ప్రశ్న. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు తెప్పించమని ఓనర్‌ని అడగండి. ప్రతి సర్వీసుకూ రాసిన కిలోమీటర్లు పైకే వెళ్లాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 3219 అంటే 2019లో 32వ వారం. 30,000 తిరిగిందంటున్న బండికి నాలుగు టైర్లూ కొత్తవైతే పాతవి ఏమయ్యాయి? క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ మీది తోలు, డ్రైవర్ సీటు అంచు కూడా చూడండి. స్టెప్నీ టైరు తారీఖు బండి వయసుతో సరిపోవాలి.

మా అభిప్రాయంలో హైవే మీద లక్షా ఇరవై వేలు తిరిగి, వేళకు సర్వీసైన డీజిల్, సిటీలో యాభై వేలు పాకిన డీజిల్ కన్నా మంచిది.

6. దెబ్బలు, వరదనీళ్లు

బానెట్, డోర్ల బోల్టుల మీద స్పానర్ గుర్తులుంటే విప్పారని అర్థం. బానెట్ విప్పినంత మాత్రాన పెద్ద ప్రమాదం కాదు. రేడియేటర్ ముందు పట్టీ, లోపలి ఆప్రాన్లు, పిల్లర్లు, డిక్కీ అడుగు చూడాలి. కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో ఉంటాయి, టింకరింగ్ చేసినచోట అది కుదరదు. పెయింట్ మందం కొలిచే మీటరు అద్దెకు దొరికితే తీసుకెళ్లండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు. అంతకు ఎన్నో రెట్లు చూపిస్తే కింద పుట్టీ ఉంది.

వరదలో మునిగిన బండి డీజిల్ అయితే మరీ ప్రమాదం. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొన్నాళ్లు నడిచి తర్వాత ఇంజిన్ బద్దలవుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆయా ఊళ్ల బండ్లను ఆ తారీఖులు గుర్తుపెట్టుకుని చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాలు, డ్యాష్‌బోర్డ్ కింది ఇనుప పట్టీలు తుప్పు పట్టాయేమో, కార్పెట్ కింద స్పాంజి తడి వాసనొస్తోందేమో, ఫ్యూజు డబ్బాలో మట్టి ఉందేమో చూడండి. సెంటు మరీ గుప్పున కొడుతుంటే అద్దాలు మూసి పావుగంట కూర్చోండి, అడుగునున్న వాసన బయటపడుతుంది.

7. అరగంటకు తగ్గకుండా నడపండి

ఏసీ వేసి, ఇద్దరు ముగ్గురు ఎక్కి నడపండి. నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఎక్సలేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ఎగిరి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. 1,800, 2,000 ఆర్పీఎం మధ్య టర్బో అందుకుని బండి ముందుకు లాగాలి. సన్నటి ఈల మామూలే, సైరన్‌లా కూస్తే టర్బో షాఫ్ట్ అరిగింది. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు టకటక శబ్దం, ఇంజిన్ ఆపినప్పుడు పెద్ద కుదుపు ఉంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (కుదుపు తగ్గించడానికి రెండు భాగాలుగా చేసిన ఫ్లైవీల్) అనుమానం. అది ఉన్న బండికి క్లచ్ పని ఖర్చు మామూలు బండి కన్నా చాలా ఎక్కువ. గతుకుల్లో డబడబలు లింక్ రాడ్లు, బుష్‌లవి. వాటికి భయపడనక్కర్లేదు, ధరలో తగ్గించమనండి.

8. నచ్చితే షెడ్డుకు తీసుకెళ్లండి

మీకు తెలిసిన షెడ్డుకే వెళ్లండి, అమ్మేవారు చెప్పినదానికి కాదు. లిఫ్ట్ ఎక్కించి ఆయిల్ లీకులు, యాక్సిల్ బూట్లు చూడాలి. స్కానర్‌తో పాత ఎర్రర్ కోడ్లతో పాటు, కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చూడమనండి. నిన్నే చెరిపి ఉంటే ఏదో దాస్తున్నారు. బీఎస్‌6కి డీపీఎఫ్‌లో మసి ఎంత ఉందో కూడా చాలా స్కానర్లు చెబుతాయి. డీజిల్ పంప్ మెకానిక్ ఉంటే ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష చేయించండి: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు పెట్టి కొద్ది నిమిషాలు ఇంజిన్ నడిపితే, ఏ సీసా మిగతావాటికన్నా త్వరగా నిండుతుందో ఆ ఇంజెక్టర్ అరిగినట్టు. వెయ్యో రెండు వేలో ఇచ్చి చేయించుకునే ఈ పనికి అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

9. డబ్బు, కాగితాలు

షెడ్డు రాసిచ్చిన పనుల జాబితాతోనే బేరమాడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో అంకె అంకె పోల్చండి. ఫైనాన్స్ ఉంటే డబ్బు నేరుగా బ్యాంకు లోన్ ఖాతాకు కట్టి, బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు, ఆర్సీలో ఫైనాన్స్ తీసేయించడానికి సంతకాలైన ఫారం 35 తీసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. బయటి రాష్ట్రం బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. కొన్న 30 రోజుల్లోగా బదిలీకి దరఖాస్తు పెట్టాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లోగా తెలపాలి. డెలివరీ నోటులో తారీఖుతో పాటు గంటా నిమిషం రాయించుకోండి. అంతకుముందు చలాన్లు ఎవరివన్న తగువు రాదు. పాత ఫాస్టాగ్‌ని ఓనర్‌తో మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి.

10. ఇంటికి తెచ్చాక

మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, కూలెంట్ మార్చండి. డీపీఎఫ్ ఉన్న బండికి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయించండి, మామూలు డీజిల్ ఆయిల్ డీపీఎఫ్‌ని మూసేస్తుంది. బెల్ట్ ఇంజిన్ అయితే, బెల్ట్ మార్చిన బిల్లు చేతికి రాకపోతే మార్చలేదనే లెక్క: బెల్టుతో పాటు టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి వేయించండి.