గగన్‌తో ల్యాండింగ్: బయల్దేరే ముందు, దిగేటప్పుడు ఏం చూసుకోవాలి

ఐఎల్‌ఎస్ (నేల మీది రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వేకి దించే వ్యవస్థ) లేని రన్‌వేకి గగన్ (జీపీఎస్ తప్పుల్ని సరిదిద్దే మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ) ఆధారంగా ఎల్‌పీవీ అప్రోచ్ చేయొచ్చు, అంటే ఉపగ్రహ సంకేతాలతోనే అడ్డంగా, నిలువుగా దారి చూసుకుంటూ దిగొచ్చు. మన దేశంలో ఇండిగో ఏటీఆర్ 2022 ఏప్రిల్ 28న కిషన్‌గఢ్‌లో దిగి దీన్ని చేసి చూపించింది. అయితే చార్టులో ఎల్‌పీవీ మినిమా (రన్‌వే కనబడకుండా దిగగల కనీస ఎత్తు) ఉన్నంత మాత్రాన మీరు చేరే వేళకి ఆ సేవ అందుతుందని కాదు.

తన పొజిషన్‌లో తప్పు ఎంత దాకా ఉండొచ్చో విమానంలోని రిసీవర్ ఎప్పటికప్పుడు లెక్క కడుతూనే ఉంటుంది. ఏపీవీ-1 స్థాయికి (ఎల్‌పీవీ అప్రోచ్‌కి వాడే ఒక ప్రమాణం) ఒప్పుకునే హద్దు అడ్డంగా 40 మీటర్లు, నిలువుగా 50 మీటర్లు. లెక్క అది దాటిందంటే, అసలు తప్పు రెండు మీటర్లే ఉన్నా ఎల్‌పీవీ పోతుంది. ముందు దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ నిలువు లెక్కే.

మన దగ్గర దీనికి పెద్ద కారణం అయనోస్ఫియర్, అంటే ఉపగ్రహ సిగ్నల్ దాటి రావాల్సిన పై వాతావరణపు విద్యుదావేశ పొర. అయస్కాంత భూమధ్యరేఖ దేశం దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది కాబట్టి పొద్దుగూకాక అర్ధరాత్రి దాకా సిగ్నల్ తడబడే అవకాశం ఎక్కువ. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్‌లలో మరీను. ఆ వేళల్లో చేరేటట్టుంటే ఐఎల్‌ఎస్ ఉన్న ఆల్టర్నేట్ (ప్రత్యామ్నాయ విమానాశ్రయం) పెట్టుకుని, దానికి సరిపడా ఇంధనం వేసుకోండి.

బయల్దేరే ముందు గగన్, జీపీఎస్ నోటామ్‌లు (పైలట్లకిచ్చే అధికారిక హెచ్చరికలు) చదవండి. గగన్ పోతే రెయిమ్ (ఉపగ్రహాల సిగ్నళ్లను ఒకదానితో ఒకటి పోల్చి రిసీవర్ తానే తప్పు పట్టే పద్ధతి) మీద ఆధారపడాలి కనుక, చేరే సమయానికి అటూ ఇటూ 15 నిమిషాలకి దాని అంచనా తీయండి. తప్పు పసిగట్టడానికి కనీసం 5 ఉపగ్రహాలు, తప్పుడుదాన్ని పక్కనపెట్టడానికి 6 కావాలి. జామింగ్ (సిగ్నల్‌ని అడ్డుకోవడం), స్పూఫింగ్ (దొంగ సిగ్నల్ పంపడం) మాత్రం ఏ అంచనాకీ అందవు.

బ్రీఫింగ్‌లోనే ఎల్‌పీవీతో పాటు ఎల్‌నావ్ (అడ్డంగా మాత్రమే దారి చూపే అప్రోచ్) మినిమా కూడా చెప్పుకోండి. ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి (రన్‌వేకి చివరి దిగుడు మొదలయ్యే బిందువు) ముందే తెరమీద ఎల్‌పీవీ పడిందో లేదో చూడండి. ఎల్‌నావ్/వీనావ్‌కి (నిలువు దారి గాలి పీడనం లెక్కతో చూపే అప్రోచ్) దిగజారి బారోమీటర్ మీద దిగుతుంటే క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టే సముద్రమట్ట గాలి పీడనం) మళ్లీ సరిచూడండి: 10 హెక్టోపాస్కల్స్ ఎక్కువ పెడితే విమానం సుమారు 280 అడుగులు కిందగా దిగుతుంది, సూది మాత్రం నడిమధ్యే నిలుస్తుంది. రేడియో ఆల్టిమీటర్ (నేల నుంచి ఎత్తును నేరుగా కొలిచే పరికరం) అంకెతో పోల్చడం మానొద్దు.

గడియారం ఉన్నట్టుండి గెంతినా, గాలి వేగం అర్థంలేకుండా మారినా స్పూఫింగ్ అనుకోండి. గగన్ దాన్ని ఆపలేదు. ఫిక్స్ దాటాక ఇంటెగ్రిటీ హెచ్చరిక (పొజిషన్‌ను నమ్మలేమన్న సూచన) వస్తే ఆలోచన పెట్టుకోకుండా గో-అరౌండ్ చేసి (దిగడం మాని మళ్లీ పైకి లేచి), ఏటీసీకి చెప్పండి.