కనజావా చలికి కిటికీ మీద బబుల్ ర్యాప్

జపాన్‌లోని కనజావాలో పాత చెక్క ఇళ్ల కిటికీలకు చాలాచోట్ల ఒంటిపొర అద్దమే. చలికాలంలో ఆ పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే హీటర్ ఉన్నా వేళ్లు కొంకర్లు పోతాయి.

ఆ చలి తగ్గాలంటే బబుల్ ర్యాప్‌ను (గాలి బుడగల ప్లాస్టిక్ షీటును) అద్దం కంటే చుట్టూ అర సెంటీమీటరు తక్కువగా కత్తిరించండి. అరలీటరు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, తుడిచిన అద్దమంతా స్ప్రే చేసి, బుడగలవైపు ఆనించి పైనుంచి కిందికి అదమండి. జిగురు లేదు కాబట్టి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మరక మిగలదు. అద్దె ఇంటికి అదే ముఖ్యం. వెలుతురూ పెద్దగా తగ్గదు.

గరుకు అద్దానికి ఇది అంటుకోదు, ఫ్రేముకు టేపు వేయాలి. లోపల ఇనుప తీగల వల ఉన్న అద్దానికి మాత్రం అసలు వద్దు: ఎండ పడితే వేడి ఎక్కువతక్కువలై పగలొచ్చు.