చివరి ఆవాసం నుంచి మొదలుపెట్టాలి: పంచాయతీ ప్రణాళికలో ఆరోగ్య అసమానతలను తగ్గించే విధానం

ఒకే పంచాయతీలో, ఒకే ఆరోగ్య ఉపకేంద్రం పరిధిలో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు వయసుకు తగ్గట్టు ఎదుగుతూ, మరొకరు నెలనెలా బరువు తగ్గుతుంటే, ఆ తేడాకు కారణం చాలాసార్లు ఆసుపత్రి బయటే ఉంటుంది. ఇల్లు ఊరికి ఎంత దూరంలో ఉంది, కుళాయిలో నీళ్లు వస్తాయా, తల్లి ఎన్ని గంటలకు కూలికి బయలుదేరుతుంది అన్న విషయాలే దాన్ని నిర్ణయిస్తాయి. ఆపగలిగి కూడా ఆపకుండా వదిలేసిన ఇటువంటి తేడానే ఆరోగ్య అసమానత అంటాం. రాజ్యాంగ 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో తాగునీరు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, స్త్రీ శిశు అభివృద్ధి ఉన్నాయి కాబట్టి ఇది పైనున్న ప్రభుత్వాలే చూసుకోవలసిన పని అని పంచాయతీ తప్పుకోవడానికి వీల్లేదు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ పనిని ఎలా చేర్చాలో సర్పంచులు, వార్డు సభ్యులు, కార్యదర్శులు, స్వయం సహాయక సంఘాల మహిళలను ఉద్దేశించి ఇక్కడ వివరిస్తున్నాను.

వైద్యం చేయలేని పనిని ప్రభుత్వ విధానం చేయగలదా అన్న సందేహం ఉన్నవారు, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి చరిత్ర చూడాలి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే శాస్త్రీయంగా నమోదు చేశారు. ఆ తరువాత నల్లగొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. వంగిన ఎముకను నిటారు చేసే మందు లేదు. డబ్బున్న ఇల్లు మంచినీళ్లు కొనుక్కోగలిగింది, లేని ఇల్లు బోరు నీళ్లే తాగింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి కాగితం మీద ఉంటే సరిపోలేదు. కృష్ణా జలాలు, 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులు ఊళ్లకు చేరినప్పుడే కొత్త తరానికి రక్షణ దొరికింది. జబ్బును తగ్గించింది నీటి విధానమే.

సగటును విడగొట్టడం

ప్రణాళిక తయారీలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ దశకే కేటాయించాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ తప్పితే తరువాత పెట్టే ప్రతి రూపాయీ తప్పు చోటికే పోతుంది. ఉదాహరణకు ఒక పంచాయతీలో అయిదేళ్లలోపు పిల్లలు 120 మంది ఉన్నారనీ, వారిలో 12 మంది తక్కువ బరువుతో ఉన్నారనీ అనుకుందాం. పది శాతమే కదా అని సభ ఆ అంశాన్ని దాటేస్తుంది. అదే లెక్కను ఆవాసాల వారీగా విడగొట్టినప్పుడు, ఆ 12 మందిలో 9 మంది 20 మంది పిల్లలున్న ఒక్క కాలనీవారేనని తేలితే, అక్కడ 45 శాతం, మిగతా ఊరంతా కలిపి 3 శాతం అవుతుంది. ఊరు మారలేదు, పిల్లలు మారలేదు. సగటు దాచిపెట్టింది మాత్రం బయటపడింది.

అందువల్ల ఒక పెద్ద కాగితం తీసుకుని, ప్రతి గూడేనికీ, తండాకూ, కాలనీకీ, పేటకూ ఒక్కో వరుస గీయాలి. ఉపకేంద్రం ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం రిజిస్టరు నుంచి టీకాలు, గర్భిణుల హిమోగ్లోబిన్ వివరాలు, అంగన్‌వాడీ నుంచి పిల్లల ఎదుగుదల, పంచాయతీలోని జనన మరణ రిజిస్టరు నుంచి మరణాలు తీసుకుని ఆయా వరుసల్లో అంకెలుగానే రాయాలి. ఎవరి పేరూ ఆ కాగితం మీదకు రాకూడదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్ర రక్తహీనత. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే, అంటే జబ్బ కొలిచే రంగుల టేపు ఎర్రరంగులో ఆగితే, ఆ బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ప్రణాళిక పూర్తయ్యేదాకా ఆగకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉన్నట్టు తేలింది. రాష్ట్రానికి సంబంధించిన ఆ అంకె మీ ఊళ్లో ఏ వీధిలో ఎంతగా ఉందో చెప్పగలిగేది మీ కాగితం మాత్రమే.

దూరాన్ని కిలోమీటర్లలో రాయవద్దు, పట్టే సమయంలో రాయండి, అది కూడా వానాకాలానికి విడిగా రాయండి. వలస వెళ్లే కుటుంబాలను సైతం లెక్కలో పెట్టాలి. ఇటుక బట్టీలకు వెళ్లి ఆరు నెలల తరువాత తిరిగివచ్చిన బిడ్డ పేరు ఇక్కడి రిజిస్టరులోనూ అక్కడి రిజిస్టరులోనూ లేకపోతే, ఆ బిడ్డకు టీకా తప్పిందన్న సంగతి ఎవరికీ తెలియదు.

కారణం కోసం గడప దాకా వెళ్లడం

వెనుకబడిన వరుసలు తేలాక అక్కడి మహిళలతో, వాళ్ల ఆవాసంలోనే, కూలి నుంచి వచ్చిన తరువాత కూర్చుని మాట్లాడాలి. పంచాయతీ కార్యాలయానికి పిలిపిస్తే రాగలిగినవారే వస్తారు, వారి ఇబ్బందులే నమోదవుతాయి. ఆరోగ్య, పోషకాహార దినం పొద్దున పదింటికి మొదలైతే ఎనిమిదింటికే నాట్లకు పోయిన తల్లి బిడ్డను ఎలా తీసుకురాగలదు? అవగాహన లేక రాలేదని రాసి ముగించడం అన్యాయం.

నీటి విషయంలో కారణాన్ని కళ్లతోనే చూడవచ్చు. నీటిలో క్లోరిన్‌ను పరీక్షించే క్లోరోస్కోపు గొట్టంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు పోసి ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. అదే గొట్టాన్ని కాలనీలోని చిట్టచివరి కుళాయి దగ్గరకు తీసుకెళ్లి పరీక్షించండి. రంగు తిరగకుండా తెల్లగానే ఉండిపోతే, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలవలసిన క్లోరిన్ ఆ ఇళ్లకు చేరడం లేదని అర్థం. ట్యాంకు దగ్గర మాత్రమే పరీక్షించి రిజిస్టరులో సంతకం చేసిన ఊళ్లో విరేచనాలు ఎప్పుడూ ఆ కాలనీలోనే ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు ఆ గొట్టంలో కనిపిస్తుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో దారే అసలు కారణం. 108 వాహనం రోడ్డు ఆగిన చోటే ఆగిపోతుంది, అక్కడి నుంచి నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి మోసుకురావాలి. రోడ్డు పడేదాకా చేయవలసిన పని వేరే ఉంది: ప్రసవ తేదీ దగ్గరపడిన వారిని ముందుగానే ఆసుపత్రి దగ్గరి గర్భిణీ వసతి గృహానికి చేర్చడం. ఇంటి దగ్గర పెద్దపిల్లలను ఎవరు చూస్తారన్న బెంగతో తల్లి వెళ్లనంటే, పిల్లలనూ తోడుగా ఒకరినీ వెంట తీసుకెళ్లే ఏర్పాటును ప్రణాళికలోనే రాయాలి. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ ఒక్క ఆవాసం కూడా గ్రామంగా గుర్తింపు పొంది సొంత గ్రామసభ జరుపుకోవచ్చు, ప్రణాళికలను అమలుకు ముందు ఆమోదించే అధికారం ఆ సభదే. ఈ హక్కును వాడుకోవడం అత్యవసరం.

డబ్బు, తీర్మానం

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన సాధారణ గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు కాకుండా స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చింది. జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాలు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10,000 రూపాయల వరకు నిధిని సూచించాయి. మొత్తం చిన్నదే అయినా, ఎర్రరంగు టేపులో తేలిన బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి చేర్చే ఆటో ఖర్చుకు అది చాలు. నిధులను వార్డులన్నిటికీ సమానంగా పంచడం న్యాయంగా అనిపించినా తేడాను యథాతథంగా ఉంచుతుంది. సేవ అందరికీ ఉండాలి, వెనుకబడిన వరుసకు ఎక్కువ దక్కాలి.

ఏడాదికొకసారి పెట్టే వైద్య శిబిరం మీద ఆధారపడవద్దు. అది రోగాలను చూపిస్తుంది, కారణాలను ముట్టుకోదు. తీర్మానం మాత్రం చేయవలసిన పని చెప్పేలా ఉండాలి. ‘కాలనీలో ఆరోగ్యం మెరుగుపరచాలి’ అని రాస్తే ఎవరి మీదా బాధ్యత పడదు. ఇలా రాయవచ్చు: ‘ఎస్టీ కాలనీ చివరి కుళాయి వద్ద ప్రతి సోమవారం క్లోరిన్ పరీక్ష చేయాలి. బాధ్యులు వాటర్‌మ్యాన్, ఆ వార్డు సభ్యురాలు. ఫలితాన్ని కాలనీ అంగన్‌వాడీ గోడ మీద రాయాలి. వరుసగా రెండు వారాలు క్లోరిన్ కనిపించకపోతే కార్యదర్శి మూడు రోజుల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి లేఖ రాసి, పైపులైను మార్పునకు అంచనా తెప్పించాలి.’ పంచాయతీ చేతిలో లేని రోడ్డు, ఖాళీగా ఉన్న ఏఎన్‌ఎం పోస్టు వంటివాటికి విడిగా తీర్మానం చేసి, ఆవాసాల వారీ కాగితం నకలును జతచేసి ఎంపీడీవోకు పంపి రశీదు తీసుకోవాలి. అంకెలున్న తీర్మానాన్ని పక్కన పెట్టడం ఏ కార్యాలయానికైనా కష్టం.

ఏడాది తరువాత చూడవలసిన అంకె

సమీక్షలో మొత్తం తగ్గుదలను కాక, వరుసల మధ్య ఎడాన్ని కొలవాలి. పై ఉదాహరణలోని ఊళ్లో తక్కువ బరువున్న పిల్లలు 12 నుంచి 9కి తగ్గారనుకోండి. సభలో చప్పట్లు పడవచ్చు. ఆ తొమ్మిది మందీ కాలనీ పిల్లలే అయితే అక్కడ ఇప్పటికీ 45 శాతమే, మిగతా ఊళ్లో సున్నా, అంటే ఎడం పెరిగింది. కాబట్టి వచ్చే గ్రామసభలో నివేదిక చదివేటప్పుడు కాగితాన్ని కింది వరుస నుంచి పైకి చదవండి, ఆ వరుసను కాలనీ నుంచి వచ్చిన మహిళ చేతనే చదివించండి, ఆమె అడిగిన ప్రశ్నలను మినిట్స్ పుస్తకంలో ఆమె మాటల్లోనే రాయించండి.