పిల్లల్లో డిప్రెషన్ – 3వ పాఠం: అడగడం ఎలా?

పోయిన పాఠంలో మీ పిల్లల నిద్ర, తిండి, చిరాకు, స్నేహితులతో మాటలు రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఇప్పుడది ముందు పెట్టుకోండి. రెండు వారాలే ఎందుకంటే, డిప్రెషన్ అని తేల్చడానికి డాక్టర్లు చూసే కనీస గడువు అంతే. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గి రెండ్రోజులు ముభావంగా ఉంటే జబ్బు కాదు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు అలాగే ఉంటే ఆలోచించాలి. పిల్లల్లో దిగులుకు బదులు కోపమే పైకి కనిపించొచ్చు. మనం "పొగరెక్కింది" అనుకునేది ఒక్కోసారి ఇదే.

ఇక అడగడం. విజయవాడ పక్కన గూడవల్లి, పోరంకి వైపు కాలేజీ హాస్టళ్లకు ఆదివారం వెళ్తాం కదా, క్యారేజీ మూత తీయకముందే "ఎన్నొచ్చాయి?" అంటాం. ఈ వారం ఆ ప్రశ్న వద్దు. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయొద్దు, పక్కపక్కన నడుస్తూ అడగండి. మీరు గమనించిందే చెప్పండి: "నాన్నా, నెల్రోజులుగా క్రికెట్ మాటే ఎత్తట్లేదు. అన్నం కూడా వదిలేస్తున్నావంట. ఏమైందిరా?"

అడిగాక ఆగండి. కష్టమైంది ఇదే. నేనైతే మనసులో ఇరవై లెక్కపెడతాను, అయినా మొదటిసారి పన్నెండు దగ్గరే "మా రోజుల్లో..." అని మొదలెట్టేశాను. మా అబ్బాయి ఫోన్ తీసుకున్నాడు. అయిపోయింది ఆ ఆదివారం.

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని కూడా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం నిజం కాదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే తిట్టొద్దు, ఏడవొద్దు, ఒంటరిగా వదలొద్దు. మాత్రలు, పురుగుమందు అందకుండా తీసేయండి. మన మిర్చి, పత్తి రైతుల ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆ రోజే డాక్టరుకు చూపించండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి.

వైద్యం సంగతి క్లుప్తంగా: తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగుతోనే మొదలుపెట్టొచ్చు. ముదిరితే ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అవసరమైతే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు. మందు గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారాల్లో కొందరిలో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి దగ్గరుండి గమనించాలి. తగ్గిందని మీ అంతట మీరే ఆపేయకూడదు. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే నీరసపెడతాయి, ఆ పరీక్షల గురించీ డాక్టరును అడగండి.

ఈ వారం పని: ఒక్కసారి అడిగి, ఎన్ని అంకెల దగ్గర మీ మౌనం తెగిందో అదే నోట్‌బుక్‌లో రాయండి. 4వ పాఠంలో డాక్టరు దగ్గరికి రానని మొండికేసే పిల్లల గురించి.