మన బేస్‌ మనమే చూసుకుందాం – 4: రంగు చూసి నూనె పట్టించకండి

ఈసారి బేస్ గిటార్ యాక్షన్, అంటే స్ట్రింగ్స్ ఎత్తు, సరిచేయడం మొదలుపెట్టాల్సింది. గత పాఠం చదివి ఫ్రెట్‌బోర్డు (స్ట్రింగ్స్ కింద వేళ్లు ఆడే పలక) శుభ్రం చేసుకున్నవాళ్లు రాసిన సంగతులు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. ఒకరి మేపుల్ చెక్క నెక్ (బేస్ మెడ) మీద నూనె ఇంకకుండా జిడ్డుగా మిగిలిపోయింది. ఇంకొకరు తుడిచిన గుడ్డ నల్లబడేసరికి చెక్కే కరిగిపోతోందని టెన్షన్ పడ్డారు. లెమన్ ఆయిల్ దొరక్క నిమ్మచెక్కతో రుద్దినవారూ ఉన్నారు. "పూత లేని చెక్కకే నూనె" అని మూడో పాఠంలో రాశాను. ఆ వాక్యం దాటేసి అందరూ నేరుగా సీసా దగ్గరికే వెళ్లారు.

ముందు జరిగినవాటిని చక్కదిద్దుకుందాం. నిమ్మరసం పూసినవారు గుడ్డను కొంచెం తడిపి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. షాపుల్లో లెమన్ ఆయిల్ పేరుతో అమ్మేది చాలావరకు వాసన కలిపిన మినరల్ ఆయిలే. అది లేదని వంటింటి నూనెల జోలికి వెళ్లకండి. నువ్వుల నూనె కొన్నాళ్లకు బంకలా తయారవుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, డిసెంబరు వచ్చేసరికి ఫ్రెట్ల (బోర్డుకు అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) పక్కన తెల్లగా పేరుకుంటుంది. మేపుల్ మీది జిడ్డుకు కంగారు అక్కర్లేదు, పూత చెక్కుచెదరకుండా ఉంటే రెండుమూడుసార్లు తుడిస్తే పోతుంది.

గుడ్డకు అంటిన నలుపు మురికా, రంగా అన్నది ఇలా తేలుతుంది. వేళ్లు ఎక్కువగా ఆడే మొదటి ఐదు ఫ్రెట్ల మధ్య తుడిచిన గుడ్డ నల్లబడి, వేలు ఎప్పుడూ పెట్టని చివరి ఫ్రెట్ల దగ్గర శుభ్రంగా వస్తే అది మీ చేతి మురికి. రెండుచోట్లా ఒకేలా నల్లగా వస్తే తయారీదారు చెక్కకు పట్టించిన రంగు. అప్పుడు ఇంకా రుద్దకండి, అక్కడితో ఆపేయండి.

అసలు చిక్కు ఈ రంగు దగ్గరే ఉంది. నల్లగా ఉంటే ఎబొనీ, గోధుమరంగయితే రోజ్‌వుడ్, పాలిపోయి ఉంటే మేపుల్ అని లెక్కగట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మీలో చాలామంది దగ్గరున్న ఫెండర్ కంపెనీ తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్ బేస్‌లనే తీసుకోండి. వాటిలో కొన్నింటికి ఉన్నది రోజ్‌వుడ్ కాదు, లారెల్. కలప వ్యాపారంలో ఇండియన్ లారెల్ అనేది మన అడవుల్లోని నల్లమద్దే. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ రకాలన్నీ, అంటే డాల్‌బెర్జియా మొత్తం, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం కిందికి వచ్చాయి. సరిహద్దు దాటాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. దాంతో ఫెండర్ మెక్సికోలో చేసే గిటార్లకు పావ్ ఫెర్రో అనే మరో చెక్క వాడటం మొదలుపెట్టింది. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది. ఆ మధ్యకాలంలో మెక్సికో ఫెండర్ కొని రోజ్‌వుడ్ అనుకుంటున్నవారు ఒకసారి మోడల్ వివరాలు చూసుకోండి.

ఎబొనీ కథ ఇంకా విచిత్రం. అది సహజంగా అచ్చమైన నలుపే కానక్కర్లేదు, బూడిదరంగు, గోధుమరంగు చారలుండటం మామూలే. కొనేవాళ్లు మాత్రం నలుపే కావాలన్నారు. దాంతో చారలున్న చెట్టును నరికి, చూసి, అడవిలోనే వదిలేసేవారు. 2011లో కామెరూన్‌లో ఒక ఎబొనీ మిల్లును మరో సంస్థతో కలిసి కొన్న టేలర్ గిటార్స్ ఈ సంగతి బయటపెట్టింది. షాపులో నిగనిగలాడే నలుపు చూసి మురిసిపోయేముందు అందులో రంగు పాలెంతో ఆలోచించండి. ఇక కాల్చిన మేపుల్ ఉంది, ముదురుగా కాలిస్తే దూరం నుంచి రోజ్‌వుడ్‌లాగే కనిపిస్తుంది.

పోనీ చెక్క పేరు కచ్చితంగా తెలిసిందనుకోండి. అయినా నూనె సంగతి తేలదు. ఫెండర్ మేపుల్ బోర్డు మీద సాధారణంగా గట్టి పూత ఉంటుంది. మ్యూజిక్‌మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్‌ల మేపుల్ నెక్‌లు చాలావాటికి నూనె, మైనమే తప్ప అలాంటి పూత లేదు. రోజ్‌వుడ్‌కు పూత ఉండదంటారా? పాత రికెన్‌బ్యాకర్ బేస్‌లను చూడండి, మెరుస్తుంటాయి. పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని తన 1962 ఫెండర్ జాజ్ బేస్ రోజ్‌వుడ్ మీద పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ చెక్కను తినేయకుండా అదే కాపాడింది. అలాంటి బోర్డుకు నూనె రాస్తే తుడుచుకోవడమే మిగులుతుంది.

కాబట్టి పూత ఉందో లేదో చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర చిన్న నీటిబొట్టు పెట్టి, నిమిషం తర్వాత తుడవండి. మచ్చ ముదురుగా మారితే పూత లేదు. ఏ మార్పూ లేకపోతే పూత ఉన్నట్టే. ఎబొనీ ఒక్కటి మోసం చేస్తుంది, అది అంత చిక్కటి చెక్క. దాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి, పూత ఉంటే ఫ్రెట్ అంచున మెరుపు గీతలా కనిపిస్తుంది.

ఏ చెక్కకు ఏ సౌండ్ అని అడిగారు. ఫ్రెట్లున్న బేస్‌లో స్ట్రింగ్ ఆనేది లోహం మీద. ఫ్రెట్‌లెస్ అయితే మాట్లాడుకోవచ్చు. నేను నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వాడతాను, నాకు ఆ చర్చే రాదు. నూనె కూడా ఏటా వేసవి ముందు ఒక్కసారే, గుడ్డకు నాలుగు చుక్కలు, పది నిమిషాల్లో తుడిచేయడం.

అభ్యాసం: స్నేహితులవీ, షాపులోవీ కలిపి పది బేస్‌లు చేతిలోకి తీసుకోండి. లేబుల్ చూడకుండా ఒక్కోదానికి పూత ఉందా, చెక్క ఏది, రంగు పట్టించారా అని రాసుకోండి. షాపులో నీటిబొట్టు పెట్టకండి, తంతారు. లైటూ కళ్లూ చాలు. తర్వాత తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపోల్చుకోండి. పూత విషయంలో ఎనిమిదికి తక్కువ సరిపోతే మీ బేస్‌కు నూనె పట్టించడం ఇంకో నెల వాయిదా వేయండి.