ఓపెన్‌బాక్స్ సెట్టింగుల సాధనం రాసుకుందాం – 4: ‘సేవ్’ నొక్కాక మాయమైన కామెంట్లు

లినక్సులో కిటికీలను నిర్వహించే ఓపెన్‌బాక్స్ ప్రోగ్రాము సెట్టింగులను (ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ట్యాగులుగా ఉంటాయి) మార్చే సాధనాన్ని పైథాన్‌లో రాస్తున్నాం. గత పాఠం చివర డెస్క్‌టాప్‌ల సంఖ్యను 4 నుంచి 6కు మార్చి, ఆ ఫైలును తిరిగి రాయమని చెప్పాను. చేసి చూసినవారిలో కొందరికి మార్పే కనబడలేదు. మరికొందరికి మార్పు కనబడింది గాని, ఫైలు తెరిచి చూస్తే ప్రతి ట్యాగుకూ ముందు ‘ఎన్‌ఎస్0’ అని అతుక్కుని ఉంది, ఏళ్ల తరబడి చేత్తో రాసుకున్న కామెంట్లేమో (ప్రోగ్రాము పట్టించుకోని, మన కోసం మనం రాసుకునే వివరణలు) పూర్తిగా పోయాయి. ముందే హెచ్చరించకపోవడం నా పొరపాటు. అందువల్ల ఈసారి చెబుతానన్న కీబోర్డు షార్ట్‌కట్ల భాగాన్ని వాయిదా వేసి, పాడైనదాన్ని సరిచేయడానికే ఈ పాఠాన్ని కేటాయిస్తున్నాను.

మార్పు కనబడనివారి సంగతి చిన్నది. ఎల్‌ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వాడేవారి దగ్గర ఓపెన్‌బాక్స్ చదివేది ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్ ఫైలును కాదు. అదే ఫోల్డరులో ఉండే ఎల్‌ఎక్స్‌డీఈ-ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్‌ను. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ‘పీఎస్’ ఆదేశంతో ఓపెన్‌బాక్స్ ఏ ఆర్గ్యుమెంట్లతో నడుస్తున్నదో చూస్తే, ‘కాన్ఫిగ్-ఫైల్’ అన్న ఐచ్ఛికం పక్కన అసలు ఫైలు పేరు కనిపిస్తుంది. మన సాధనం కూడా ఆ పేరునే వాడాలి.

‘ఎన్‌ఎస్0’ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఫైలు మూల ట్యాగులో ఒక నేమ్‌స్పేస్ ప్రకటన ఉంటుంది. అది చూడటానికి వెబ్ చిరునామాలా ఉన్నా, నిజానికి ఇంటిపేరు వంటిది మాత్రమే. పైథాన్‌తోనే వచ్చే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీ చదివేటప్పుడు ఆ ఇంటిపేరును మీసాల బ్రాకెట్లలో పెట్టి ప్రతి ట్యాగు పేరుకూ ముందు చేరుస్తుంది. రాసేటప్పుడు దానికి ఏ పొట్టి పేరు వాడాలో మనం చెప్పకపోతే, తనంతట తానే ‘ఎన్‌ఎస్0’ అని కల్పించుకుంటుంది. ఫైలు రాయడానికి ముందు ‘రిజిస్టర్_నేమ్‌స్పేస్’ను పిలిచి, పొట్టి పేరు స్థానంలో ఖాళీ స్ట్రింగును ఇస్తే చాలు. ఎక్స్‌ఎంఎల్ నియమాల ప్రకారం రెండు రూపాలకూ అర్థం ఒక్కటే. అయినా చేత్తో దిద్దుకునేవారి ఫైలును అలా అసహ్యంగా మార్చే హక్కు మన సాధనానికి లేదు.

ఇక కామెంట్లు. ఈ విషయంలో నాకు చాలాకాలంగా చిరాకు ఉంది కాబట్టి కొంచెం విస్తరంగానే చెబుతాను. ఎలిమెంట్‌ట్రీ పార్సర్ (ఫైలును చదివి విడదీసే భాగం) మామూలుగా కామెంట్లను చదివి పారేస్తుంది. ఎర్రర్ చూపదు, హెచ్చరిక కూడా చేయదు. పైథాన్ 3.8 నుంచి, చదివిన ట్యాగులను మెమరీలో చెట్టులా అమర్చే ట్రీబిల్డర్‌కు ‘ఇన్సర్ట్_కామెంట్స్’ అన్న ఆర్గ్యుమెంట్ వచ్చింది. దాన్ని ‘ట్రూ’ చేసిన ట్రీబిల్డర్‌ను పార్సర్‌కు ‘టార్గెట్’గా ఇచ్చి, ఆ పార్సర్‌తో ఫైలును చదివితే కామెంట్లు చెట్టులో నిలుస్తాయి. అంతటితో పని అయిపోయిందని అనుకోకండి. కామెంటు కూడా ఒక ఎలిమెంటుగానే వస్తుంది, కాని దాని ‘ట్యాగ్’ విలువ స్ట్రింగు కాదు, ఫంక్షను. పిల్ల ఎలిమెంట్లపై తిరుగుతూ ట్యాగు పేరు చివరను ‘ఎండ్స్‌విత్’తో సరిచూసే మన రెండో పాఠం లూపు, మొదటి కామెంటు తగలగానే కూలిపోతుంది. కాబట్టి ట్యాగు స్ట్రింగు అవునో కాదో ముందు చూడాలి.

ఇంకా ఒక చిక్కు ఉంది. మూల ట్యాగుకు వెలుపల ఉన్న కామెంట్లు ఈ పద్ధతిలోనూ దక్కవు. ఓపెన్‌బాక్స్‌తో వచ్చే డిఫాల్ట్ ఫైలులో, ‘దీన్ని ఇక్కడ దిద్దవద్దు, మీ హోమ్ ఫోల్డరులోకి కాపీ చేసుకోండి’ అనే కామెంటు సరిగ్గా అక్కడే ఉంటుంది. నేను వాడేది మొరటు ఉపాయం: మూల ట్యాగు మొదలయ్యే చోటు దాకా ఉన్న పాఠ్యాన్ని యథాతథంగా దాచుకుని, రాసేటప్పుడు ముందు అతికిస్తాను. విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవలసిన ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ వాడితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. అయితే పాత లాప్‌టాప్‌లో ఉట్టి పైథాన్‌తోనే సాధనం నడవాలన్నది నా పట్టుదల.

చెట్టును స్ట్రింగుగా మార్చేటప్పుడు ఎన్‌కోడింగును ‘యూనికోడ్’ అని ఇవ్వడం మరవకండి. ఇవ్వకపోతే అది తెలుగు అక్షరాలకు చోటు లేని యూఎస్-ఆస్కీలో రాస్తుంది; మీ డెస్క్‌టాప్‌కు ‘పని’ అని పేరు పెట్టుకుని ఉంటే ఫైలులో &#3114;&#3112;&#3135; అని కనిపిస్తుంది.

తాత్కాలిక ఫైలులో రాసి, దాన్ని అసలు పేరుకు మార్చడం మీకు తెలిసినదే. సెట్టింగులను గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే సాధనం) ఉంచి, అసలు చోట సింబాలిక్ లింకు (వేరే చోటున్న ఫైలును చూపే గుర్తు) పెట్టుకున్నవారు మాత్రం ముందుగా ‘రియల్‌పాత్’తో అసలు ఫైలు చోటు తెలుసుకోవాలి, లేకపోతే లింకు పోయి, దాని స్థానంలో మామూలు ఫైలు మిగులుతుంది.

అభ్యాసం: ఏమీ మార్చకుండా ఫైలును చదివి, వేరే పేరుతో రాసి, రెండింటినీ తేడాలు చూపే ‘డిఫ్’ ఆదేశంతో పోల్చండి. ఎలిమెంట్‌ట్రీ ఖాళీ ట్యాగుల చివరి గీతకు ముందు ఒక ఖాళీ చేరుస్తుంది కాబట్టి చాలా వరుసలు తేడాగా కనబడతాయి. తర్వాత చెట్టును పక్కనపెట్టి, పైథాన్‌లోని ఎక్స్‌పాట్ అనే పార్సర్‌లోని ‘కరెంట్‌బైట్‌ఇండెక్స్’ (ఫైలు మొదటి నుంచి బైట్లలో లెక్కించిన స్థానం) సాయంతో డెస్క్‌టాప్‌ల సంఖ్య ఉన్న చోటును పట్టుకుని, ఆ అంకెను మాత్రమే మార్చే ఫంక్షను రాయండి. ‘డిఫ్’ ఒకే ఒక్క వరుసలో తేడా చూపాలి. పరీక్షకు ముందు ఫైలు మొదట్లో ఒక తెలుగు కామెంటు చేర్చండి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది కనుక, ఫైలును స్ట్రింగుగా చదివి ఉంటే మీ కత్తెర వేరే చోట పడుతుంది.