గాజు పోత నేర్చుకుందాం – 3: తూకం, అచ్చు, చల్లార్చడం

పోయిన పాఠంలో గుడ్డ మడతని మైనంలోకి ఎక్కించాం కదా, ఈసారి ఆ మైనం పోయి గాజు రావాలి.

ముందు కేరన్ లమాంట్ చేసిన ‘వెస్టీజ్’ ఫొటోలు వెతికి చూడండి. న్యూయార్క్‌లో పుట్టిన ఈ శిల్పి 1999లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ప్రాగ్ వెళ్లి, అక్కడి పోత నిపుణులతో కలిసి 2000లో తీసిన నిలువెత్తు గాజు గౌను అది. బయట గుడ్డ ముడతలు, లోపలి వైపు ఒంటి ఆనవాళ్లు, మనిషి మాత్రం లేదు. వెలుతురు ఆ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టే లేని మనిషి అంత దగ్గరగా తెలుస్తుంది. కంచులో పోస్తే ఇది రాదు. జ్ఞాపకం గురించి ఇంత సూటిగా చెప్పిన శిల్పం నేనింకోటి చూడలేదు, మనం మడతతోనే మొదలుపెట్టడానికి కారణం అదే.

ఇక పని. గీతలున్న జగ్గులో నీళ్లు పోసి, మైనం ముక్కని సూదితో పూర్తిగా ముంచి, మట్టం ఎంత పెరిగిందో రాసుకోండి. గాజు నీళ్లకంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి, 400 మిల్లీలీటర్లు పెరిగితే, 2.5తో హెచ్చవేసి, 1000 గ్రాముల గాజు కావాలి, పైన కాస్త ఎక్కువే పెట్టుకోండి. ప్లాస్టర్, సిలికా పొడి సమాన తూకంలో కలిపి మైనం చుట్టూ అచ్చు పోయండి. ఎన్95 మాస్క్ లేకుండా సిలికా సంచి విప్పొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది.

మైనాన్ని ఆవిరితో కరిగించి తీసేయాలి. ఇంతవరకూ మైనం అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోసే ఆదిలాబాద్ డోక్రా వాళ్ల పద్ధతి లాంటిదే, కాకపోతే వాళ్లు కరిగిన లోహం పోస్తారు, మనం గాజు ముక్కలు అచ్చు నోట్లో పేర్చి మొత్తం కిల్న్‌లో, అంటే కరెంటు కొలిమి లాంటి బట్టీలో పెడతాం, 830 డిగ్రీల దగ్గర అదే కరిగి దిగుతుంది.

అసలు టెన్షన్ చల్లార్చడంలోనే. పైపొర ముందు గట్టిపడి, లోపలిది తర్వాత కుంచించుకుంటే రెండూ ఒకదాన్నొకటి లాగుతూ అలాగే ఉండిపోతాయి, ముక్క బాగానే ఉన్నట్టు కనిపించి కొన్నాళ్లకి పగులుతుంది. బుల్స్‌ఐ కంపెనీ గాజు 25 మిల్లీమీటర్ల మందముంటే 482 డిగ్రీల దగ్గర 4 గంటలు ఆపి, 427 దాకా గంటకి 15 డిగ్రీల చొప్పున దించండి. 50 మిల్లీమీటర్లైతే 8 గంటలు ఆపాలి, ఆ తర్వాత గంటకి 4 డిగ్రీలు కూడా దించకూడదు. మందం రెట్టింపైతే వేగం నాలుగో వంతుకి పడిపోవాలన్నమాట. వేరే గాజైతే దాని తయారీదారు ఇచ్చే పట్టికే చూడండి.

చల్లారాక రెండు పోలరైజింగ్ షీట్లు (వెలుతురుని ఒకే దిశలో వడగట్టే పలుచని ఫిల్మ్‌లు) ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పెట్టి, మధ్యలో ముక్కని ఉంచి దీపానికి పట్టండి. చీకట్లో తెల్లని మచ్చలు మెరిస్తే లోపల ఒత్తిడి మిగిలిందని అర్థం, దాన్ని పాలిష్‌కి తీయకుండా మళ్లీ 482కి ఎక్కించి ఇంకా నెమ్మదిగా దించండి. మచ్చలు లేని ముక్కతోనే నాలుగో పాఠానికి రండి.